బాలి దీవిలో గోరింక మిగిలింది, పులి మిగల్లేదు: తేడా ఎక్కడ వచ్చింది?

క్లుప్తంగా

ఇండోనేషియాలోని బాలి దీవికి ఒకప్పుడు సొంత పులి ఉండేది, సొంత గోరింకా ఉండేది. రెండింటినీ శాస్త్రవేత్తలు 1912లోనే నమోదు చేశారు. 1937 తర్వాత పులి ఆచూకీ ధ్రువపడలేదు. గోరింక 2001 నాటికి అడవిలో ఆరుకు పడిపోయి, మళ్లీ కోలుకుంది. పక్షిని పంజరాల్లో పెంచుకునే అలవాటు అడవిని ఖాళీ చేసినా వంశాన్ని నిలిపింది. పులికి అలాంటి నిల్వ లేదు. దానికి కావాల్సినన్ని మేతజంతువులు, చాలినంత చోటు కూడా ఆ దీవిలో మిగల్లేదు.

ప్రశ్న మళ్లీ ఎందుకొచ్చింది

2019లో పశ్చిమ జావాలోని సుకాబుమి ప్రాంతంలో ఒక కంచెకు చిక్కుకున్న వెంట్రుక దొరికింది. దాని డీఎన్‌ఏను పరీక్షించిన పరిశోధకులు, అది అంతరించిపోయిందనుకున్న జావా పులిది కావచ్చని 2024లో ‘ఓరిక్స్’ పత్రికలో రాశారు. ఆ విశ్లేషణ అంత గట్టిది కాదని ఇతర శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. వివాదం ఎటు తేలినా, జావా పులి వేరు, బాలి పులి వేరు. ఈ రెండు దీవుల మధ్య ఉన్న జలసంధి ఒకచోట మూడు కిలోమీటర్ల వెడల్పు కూడా లేదు కాబట్టి, వార్తల్లో రెండు కథలూ తేలిగ్గా కలిసిపోతాయి.

ఇంకో ప్రశ్న కూడా దీనికి తోడవుతుంది. దాదాపు పోయిందనుకున్న బాలి తెల్ల గోరింకను తిరిగి అడవిలోకి తేగలిగినప్పుడు, పులిని ఎందుకు తేలేరు? పక్షి చిన్నది, పులి పెద్దది అనడం జవాబులో ఒక భాగమే. అసలు తేడా ఆ రెంటినీ మనుషులు ఏం చేశారన్న దగ్గర మొదలవుతుంది.

1911, ఉత్తర బాలి తీరం

1911 మార్చిలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే ఇరవై ఒక్కేళ్ల జర్మన్ పక్షి పరిశోధకుడు ఉత్తర బాలిలోని బుబునాన్ దగ్గర ఒక వింత పక్షిని చూశాడు. ఒళ్లంతా పాలతెలుపు, రెక్కల కొసలూ తోక కొసా నలుపు, కళ్ల చుట్టూ ఈకల్లేని నీలి చర్మం, తల వెనక్కి వాలిన జుట్టు. జత పక్షి దగ్గరికొస్తే ఆ జుట్టును నిక్కబొడిచి తల పైకీ కిందికీ ఊపుతుంది. మన గోరింకల కుటుంబమే, కూతపిట్టల వర్గమే. పొడవు పాతిక సెంటీమీటర్లు, బరువు వంద గ్రాముల లోపు. వాయవ్య బాలిలోని పొడి అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. స్థానికంగా దాని పేరు జలాక్ బాలి.

అదే ఏడాది నవంబరులో, అదే ఉత్తర తీరంలో మరికొంత పడమరగా ఉన్న గొండోల్ దగ్గర ఆస్కార్ వొయ్నిచ్ అనే హంగేరియన్ దొర ఒక పులిని చంపాడు. కాలు పట్టేసే ఉక్కు ఉచ్చు పెట్టి, చిక్కిన పులిని దగ్గర నుంచి కాల్చడం అప్పట్లో అక్కడ మామూలు పద్ధతి. 1912లో బాలి పులిని ఎర్నస్ట్ ష్వార్ట్జ్ ప్రత్యేక ఉపజాతిగా వర్ణించాడు, తెల్ల గోరింకను స్ట్రెసెమాన్ కొత్త జాతిగా వర్ణించాడు. ఒకే తీరం, దాదాపు ఒకే సమయం. ఆ తీరంలోని పెద్ద ఊరి పేరు సింగరాజా, అంటే సింహరాజు. పులులు తిరిగిన చోటికి ఎన్నడూ లేని సింహం పేరు పెట్టుకున్నారు.

బాలి పులి పులులన్నిటిలోకీ చిన్నది. మగది 90 నుంచి 100 కిలోలు, ఆడది 65 నుంచి 80. నల్లమలలో తిరిగే మగ పులిలో సుమారు సగం బరువు. పెద్ద చిరుతకు కాస్త పైన అనుకోవచ్చు. దీవుల్లో మేత తక్కువ, తిరిగే చోటు తక్కువ. అలాంటి చోట పెద్ద జంతువులు తరతరాలుగా చిన్నవవుతాయి. బాలికి తూర్పున లొంబోక్ వైపు సముద్రం లోతు ఎక్కువ. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గినప్పుడు కూడా అటు నేలదారి ఏర్పడలేదు. కాబట్టి పులి జాతి తూర్పు ప్రయాణం బాలిలోనే ఆగింది.

పులి ఎలా పోయింది

నమోదైన చివరి బాలి పులి 1937 సెప్టెంబరు 27న పశ్చిమ బాలిలోని సుంబర్‌కిమ దగ్గర కాల్చిన ఆడపులి. ఆ అడవికి అప్పట్లో దీవిని ఏలుతున్న డచ్చి ప్రభుత్వం అభయారణ్యం హోదా ఇచ్చింది 1941లో. నాలుగేళ్ల ఆలస్యం. అప్పటికి అడవిలో ఒకటో రెండో మిగిలి ఉండవచ్చు కానీ, అవి జాతిని నిలబెట్టేటన్ని కావు.

తుపాకీ వేట కంటికి కనిపించే కారణం. దాని వెనక మరొకటుంది. 1930 నాటికే బాలి జనాభా దాదాపు 11 లక్షలు. దీవి విస్తీర్ణం 5,780 చదరపు కిలోమీటర్లు. మధ్యలో అగ్నిపర్వతాలు, వాటి వాలులంతా మెట్లమెట్లుగా వరిమళ్లు. మైదానపు అడవి సాగులోకి పోయాక జింకలకూ అడవిపందులకూ, వాటి వెంట పులికీ పడమటి కొస తప్ప మిగల్లేదు. ఆ పొడి అడవి పులికి నచ్చిన చోటని చెప్పలేం. మిగిలిన చోటు అదొక్కటే.

పులి మేత లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. పులుల పరిశోధనలో తరచూ వాడే అంచనా ప్రకారం ఒక పులికి ఏడాదికి దాదాపు 50 జింకల పాటి జంతువులు కావాలి. మందలో పదో వంతుకు మించి తింటే మందే కరిగిపోతుంది. అంటే ఒక్క పులి వెనక 500 మేతజంతువులు ఉండాలి. ఇప్పుడు ఆ పడమటి కొసలో ఉన్న బాలి బరాత్ జాతీయ పార్కు విస్తీర్ణం సుమారు 190 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు 20 జంతువులు ఉన్నాయనుకున్నా మొత్తం 3,800. అవి ఏడు పులులకు సరిపోతాయి. బాలి పులి చిన్నది కాబట్టి పది అనుకుందాం. పది పులులు మూడు నాలుగు తరాల్లో దగ్గరి చుట్టాలే జత కట్టే స్థితికి వస్తాయి.

పోలికకు మన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. బాలి పార్కు అందులో పదిహేనో వంతు కూడా కాదు.

తెల్ల గోరింక లెక్క వేరు. పురుగులు, పండ్లు, గింజలు తింటుంది. పాత చెట్టు తొర్రలో గూడు పెడుతుంది. తొర్ర దొరక్కపోతే మనుషులు కట్టిన చెక్కపెట్టెలోనూ పెడుతుంది. పులికి చాలని 190 చదరపు కిలోమీటర్లు గోరింకలకు వందల సంఖ్యలో బతకడానికి చాలు. అడవి కుదించుకుపోవడం రెండింటికీ దెబ్బే. పక్షికి అది తట్టుకోగల దెబ్బ.

పంజరమే గండం, పంజరమే దిక్కు

మరి అడవి చాలినప్పుడు గోరింక ఆరుకు ఎందుకు పడిపోయింది? జవాబు పంజరంలో ఉంది.

జావాలో ఒక పాత మాట ఉంది. సంపూర్ణమైన మగవాడికి ఐదు ఉండాలట: విస్మ, వనిత, తురంగ, చురిగ, కుకిల. ఇల్లు, భార్య, గుర్రం, బాకు, పక్షి. తెలుగువాళ్లకు ఈ జాబితా తర్జుమా లేకుండానే దాదాపుగా అర్థమవుతుంది. వేశ్మం, తురంగం, ఛురిక, కోకిల అన్న సంస్కృత మాటలే కాస్త రూపం మార్చుకుని అక్కడున్నాయి. ఆ ఐదో అంశం ఇప్పటికీ బలంగా ఉంది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం జావాలో పంజరపు పక్షులు 6.6 కోట్ల నుంచి 8.4 కోట్ల దాకా ఉంటాయని అంచనా వేసింది. ఊరూరా కూత పోటీలు జరుగుతాయి. న్యాయనిర్ణేతలు గొంతు బలం, స్వరాల వైవిధ్యం చూసి మార్కులు వేస్తారు. నెగ్గిన పక్షి ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది.

తెల్ల గోరింకను కొనేది ప్రధానంగా కూత కోసం కాదు. దాని తెలుపు కోసం, అంతకన్నా ఎక్కువగా అది అరుదు కావడం కోసం. ఇక్కడ ఒక విషచక్రం మొదలవుతుంది. మామూలుగా ఒక సరుకు కరువైతే వెతకడానికి ఖర్చు ఎక్కువై వేటగాడు మానుకుంటాడు. అరుదుతనమే విలువైనప్పుడు అలా జరగదు. పక్షులు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ధర పెరిగేకొద్దీ చివరి పక్షి కోసం కూడా రాత్రంతా చెట్టు కింద కాపు కాయడానికి మనిషి దొరుకుతాడు. ఇండోనేషియా 1970లోనే దీనికి చట్టరక్షణ ఇచ్చింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఇది పులితో పాటు మొదటి అనుబంధంలో ఉంది. కాగితం మీద రెండింటిదీ ఒకే స్థాయి. ఆ చట్టరక్షణ వచ్చాక కూడా అడవిలో గోరింకల సంఖ్య పడిపోతూనే వచ్చింది.

1999లో జరిగిన ఒక సంఘటన ఈ ఒత్తిడి ఎంతటిదో చూపిస్తుంది. బాలి బరాత్ పార్కులోని పెంపక కేంద్రంలో 39 గోరింకలు అడవిలోకి వదలడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆయుధాలతో వచ్చిన ఒక ముఠా వాటిలో దాదాపు అన్నిటినీ ఎత్తుకుపోయింది. అడవిలోని పక్షుల్ని పట్టడం కష్టమైతే, ప్రభుత్వం పెంచిన పక్షుల్నే పట్టుకెళ్లడం తేలిక. రెండేళ్లకు, 2001లో, అడవిలో లెక్కకు అందినవి ఆరు.

ఆరు పక్షులంటే ఒక జాతికి ఆఖరి ఊపిరి. పులి విషయంలో కథ ఇలాంటి చోటే ముగిసింది. గోరింక కథ ముగియకపోవడానికి కారణం, అవే పంజరాలు. 1960లు, 70ల్లో వేల మైళ్ల దూరం అమ్ముడుపోయిన పక్షుల సంతానం యూరప్, అమెరికా జంతుప్రదర్శనశాలల్లో పెరుగుతూ ఉంది. ఇండోనేషియాలో ఇళ్లలోనూ ఉన్నాయి. 1980ల్లోనే అమెరికాలోని జూలు, ఇంగ్లిష్ చానెల్‌లోని జెర్సీ దీవి జూ కలిసి కొన్నిటిని సురబాయా జూకి తిప్పి పంపాయి. అక్కడ పుట్టిన పిల్లలు అడవికి చేరాలన్నది ఆలోచన. అంటే ఏ వ్యాపారం అడవిని ఖాళీ చేసిందో, ఆ వ్యాపారమే తెలియకుండా విత్తనం దాచింది. దీన్ని పంజరాల గొప్పతనంగా చెప్పడం పొరపాటు. అడవిలోంచి పక్షుల్ని తీయకపోయి ఉంటే ఆ విత్తనంతో పనే పడేది కాదు.

బాలి పులికి మిగిలింది తోళ్లూ పుర్రెలూ, అవీ కొన్నే. ఎక్కువగా యూరప్ మ్యూజియాల అరల్లో ఉన్నాయి. సంతానం కనే జంట ఎక్కడా మిగల్లేదు. 1930ల్లో దొరలు పులిని గోడకు తగిలించే తోలుగా చూశారు. గోరింకను కొన్నవాడికి అది బతికి ఉంటేనే విలువ.

పిల్లలు పెట్టే వేగం

గోరింక రెండు మూడు గుడ్లు పెడుతుంది. రెండు వారాలు పొదుగుతుంది. నెల తిరక్కుండా పిల్లలు గూడు దాటి ఎగురుతాయి. పెంపకంలో ఒక జంట ఏడాదికి ఒకటికి మించిన ఈతలు ఈనగలదు. పులి గర్భం మూడున్నర నెలలు, కాన్పుకు రెండు నుంచి నాలుగు కూనలు. వాటిని వేట నేర్చేదాకా దాదాపు రెండేళ్లు తల్లే సాకాలి. ఆ తల్లి మళ్లీ ఈనేది ఆ తర్వాతే. మధ్యలో తల్లిని కాల్చేస్తే కూనలూ పోయినట్టే.

వదిలిన తర్వాత తేడా ఇంకా పెద్దది. పంజరంలో పుట్టిన గోరింకకు పాముల గురించీ డేగల గురించీ తెలియదు. కొన్ని చచ్చిపోతాయి, మిగిలినవి నెట్టుకొస్తాయి. మేత తినడం దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. బోనులో పుట్టిన పులికి వేటా రాదు, మనిషంటే భయమూ ఉండదు. అలాంటి పులిని అడవిలో వదిలితే ఊళ్లోకి వచ్చే ప్రమాదం ఎక్కువ.

ఊరు ఒప్పుకోవడం

2006 నుంచి బాలి పక్కనే ఉన్న చిన్న దీవి నూసా పెనిడాలో తెల్ల గోరింకల్ని వదలడం మొదలైంది. ఇది ఆ పక్షికి సొంత నేల కాదు. పార్కులో కాపలా ఎంత పెట్టినా దొంగలు ఆగడం లేదు కాబట్టి స్వచ్ఛంద సంస్థలు కొత్తచోటు చూశాయి. ముందు ఊరూరూ తిరిగి పెద్దల్ని ఒప్పించాయి. బాలి గ్రామాల్లో ‘అవిగ్–అవిగ్’ అనే కట్టుబాట్లు ఉంటాయి. గుడి పనుల దగ్గర నుంచి నీళ్ల వంతుల దాకా ఊరు అనుకున్న నియమాలు అవి. పక్షిని పట్టకూడదన్నది కూడా ఆ కట్టుబాట్లలో చేరింది. చట్టం తప్పితే కోర్టు ఎప్పటికో పిలుస్తుంది. ఊరి కట్టు తప్పితే మర్నాడే పదిమంది ముందు నిలబడాలి.

ఇక్కడ పక్షికి కలిసొచ్చిన అంశం ఒకటుంది. గోరింక వల్ల ఎవరి ఆవూ పోదు. తోటలోకి వచ్చి నాలుగు పండ్లు తింటుంది, పురుగులూ ఏరుతుంది. కాపాడినందుకు ఊరు పెట్టుకునే ఖర్చు దాదాపు సున్నా. పైగా దాన్ని చూడటానికి పర్యాటకులు వస్తారు. పులి విషయంలో లాభం దేశమంతటిదీ, నష్టం అడవి పక్కన పశువులు మేపుకునేవాడిదీ. ఆ నష్టానికి పరిహారం అందించే ఏర్పాటు లేనిచోట ఏ కట్టుబాటూ నిలవదు. చదరపు కిలోమీటరుకు ఏడు వందల మందికి పైగా ఉన్న ఇప్పటి బాలిలో, ఆ ప్రశ్నను ఊరి సభ ముందు పెట్టే ధైర్యం కూడా ఎవరూ చేయకపోవచ్చు.

సుమత్రా పులిని తెచ్చి వదిలితే?

ఈ ఆలోచన పూర్తిగా గాలిలోది కాదు. పాత వర్గీకరణలో పులికి తొమ్మిది ఉపజాతులు. 2017లో అంతర్జాతీయ పిల్లిజాతుల నిపుణుల బృందం వాటిని రెండుకు కుదించింది. దాని ప్రకారం సుమత్రా, జావా, బాలి పులులన్నీ ఒకే ఉపజాతి. అంటే వంశపరంగా బాలి పులి పూర్తిగా పోలేదు, దాని దగ్గరి బంధువు సుమత్రాలో ఉందన్న వాదన చేయవచ్చు. ఈ వర్గీకరణను అందరు శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు.

పోయిన చోటికి పులిని తేవడం అసాధ్యం కాదని మన దేశమే చూపించింది. సరిస్కాలో పులులు లేకుండా పోయాక 2008లో రణథంబోర్ నుంచి తెచ్చారు. పన్నాలో 2009 నాటికి సున్నాకు వస్తే, బయటి నుంచి తెచ్చిన కొద్ది పులులతో ఇప్పుడు సంఖ్య యాభై దాటింది. కాస్పియన్ పులి పోయిన కజకిస్థాన్‌కు 2024లో నెదర్లాండ్స్ నుంచి సైబీరియన్ పులుల జంటను తీసుకెళ్లారు. అక్కడ ముందు మేతజంతువుల్ని పెంచుతున్నారు.

పన్నాలో పనిచేసినవి మూడు. అదే రాష్ట్రంలో, వేరే అడవుల్లో పుట్టిన పులులు ఉన్నాయి. వందల చదరపు కిలోమీటర్ల అడవి అలాగే ఉంది. అందులో జింకలున్నాయి. పోయింది పులి ఒక్కటే. బాలిలో సొంత పులి అసలే మిగల్లేదు, అడవీ జింకలూ చాలినంత లేవు. సుమత్రా పులే కొన్ని వందలకు చేరి గట్టి ప్రమాదంలో ఉంది. అక్కడి నుంచి ఒక జంటను తీసి చాలని పార్కులో వదలడం ఉన్నదాన్నీ తగ్గించడమే అవుతుంది.

ఇక ముందు

బాలి బరాత్ పార్కులో ఇప్పుడు తెల్ల గోరింకలు వందల్లో ఉన్నాయి. ఈ మార్పులో పెద్ద పాత్ర కాపలాది కాదు, పక్షుల పెంపకాన్ని ఊరివాళ్లకు అప్పగించడానిది. పార్కును ఆనుకున్న సుంబర్‌క్లాంపోక్ గ్రామంలో ఇళ్ల పెరళ్లలోనే అనుమతితో గోరింకల్ని పెంచుతారు. పక్షి కాలికి ఉంగరం, యజమాని దగ్గర కాగితం. పెంపకంలో పుట్టిన వాటిని అమ్ముకోవచ్చు. కొన్నిటిని అడవికి ఇవ్వాలి. నిన్నటిదాకా రహస్యంగా పక్షి పట్టి బతికే అవకాశం ఉన్న ఊరికి ఇప్పుడు బహిరంగంగా పెంచి బతికే దారి దొరికింది. చివరి పులిని కాల్చిన సుంబర్‌కిమ కూడా ఈ ప్రాంతంలోదే.

అయితే ఈ పద్ధతికి దాని చిక్కులు దానికున్నాయి. పెంపకంలో పక్షులు పెరిగేకొద్దీ ధర పడుతుంది. ధర పడితే దొంగకు ఆశ తగ్గుతుంది, అది మంచిదే. కానీ పెంచేవాడికీ గిట్టుబాటు తగ్గుతుంది. గిట్టక పెరళ్లు ఖాళీ అయితే అడవికి వచ్చే పక్షులూ ఆగిపోతాయి. రెండోది రక్తసంబంధం. ఇవన్నీ కొద్ది జంటల సంతానం కాబట్టి ఎవరి పిల్ల ఎవరికి పుట్టిందన్న లెక్క సరిగా రాయకపోతే బలహీనమైన పిల్లలు పుడతాయి. కాలి ఉంగరం అడవి పక్షికి పెంపకపు కాగితం అంటగట్టే దారిగా మారే ప్రమాదమూ ఉంది.

ఇండోనేషియాలో మిగతా కూతపిట్టల పరిస్థితి ఇంతకన్నా కష్టంగా ఉంది. 2018లో ప్రభుత్వం రక్షిత జాబితాను విస్తరిస్తే, పక్షుల పోటీల సంఘాల ఒత్తిడితో నెలల్లోనే కొన్ని జాతుల్ని అందులోంచి తీసేసింది. అందులో పోటీల్లో బాగా గిరాకీ ఉన్న షామా పక్షి, అప్పటికే ప్రమాదంలో ఉన్న గడ్డితల పికిలిపిట్ట కూడా ఉన్నాయి. వీటికి బాలి గోరింకకు ఉన్నట్టు యూరప్, అమెరికా జూల నిల్వ అంత పెద్దగా లేదు. సుంబర్‌క్లాంపోక్ లాంటి ఊర్లూ లేవు.